మేనత్త చౌడు మడి

కబురు దేవరకొండ బస్సులో వచ్చింది. నల్గొండలో, ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటున్నాను. కండక్టర్ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "అన్నా, మీ మేనత్త పోయిందట. తెల్లారంగ పోయింది. మాపటికి మట్టి చేస్తరట, జల్ది రమ్మన్నరు" అని, బస్సు ఆగి ఉందన్నట్టు వెనక్కి చూశాడు. అప్పుడు నేనడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏం జబ్బు చేసింది అని అడగలేదు. పక్కన ఎవరున్నారు అని అడగలేదు. "వరి కోసిన్రా?" అని అడిగాను.

"ఏం వరన్నా?" అన్నాడతను.

అతనికేం తెలుసు? వరి కోయలేదు. ఇంకో పది రోజులుంటే కోతకు వచ్చేది. పదిహేనేళ్లు ఆగిన మనిషికి ఆ పది రోజులు దొరకలేదు. నేనిప్పుడు రాస్తున్నది ఆ పది రోజుల గురించే.

ఈ పత్రిక చదివేవాళ్లకు నేను కొత్తవాణ్ని కాను. దేవుడి మీదా, దేవుడి పేరు చెప్పి బతికేవాళ్ల మీదా నేను రాసినవి చదివి కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. తిట్టినవాళ్లకు ముందే చెబుతున్నాను, నేను మారలేదు. మేనత్త చావు నన్ను చర్చిలోకి తోలుకుపోలేదు. మెచ్చుకున్నవాళ్లకూ ఒక మాట. ఇది చదివి మీలో మీరు నవ్వుకుంటే మీతోనూ నాకు తగాదానే.

ఆమె మా నాయినకు అక్క. మా అమ్మ నన్ను కని పోతే, తన ఇద్దరు బిడ్డలతో పాటు నన్నూ సాకింది. ఆ ఇద్దరినీ ఒకే వారంలో గత్తర, అదే కలరా, ఎత్తుకుపోయింది. నేను మిగిలాను. ఎందుకు మిగిలానని నేను ఆమెను ఎప్పుడూ అడగలేదు, ఆమె దేవుణ్ని అడిగే ఉంటుంది. మామ దొర గడీలో వెట్టి చేసేవాడు. సాయుధ పోరాటపు గొడవల కాలంలో ఒకనాడు జొన్నల మూట నెత్తిన పెట్టుకుని గుట్టల వైపు పోయాడు. ఎవరికోసం పోయాడో వాడకంతా తెలుసు. తిరిగి రాలేదు, శవమూ రాలేదు. ఏడాదికొకసారి చర్చిలో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. మామ పేరివ్వడానికి మేనత్త ఏడేళ్లు ఒప్పుకోలేదు. ఎనిమిదో ఏడు తానే లేచి ఇచ్చింది.

మా తాతల కాలంలోనే మా వాడ చర్చికి మళ్లింది. దేవుడు మారాడు గానీ భూమి మారలేదు. అది దొరదే. మేం కోసేవాళ్లం, కట్టేవాళ్లం, మోసేవాళ్లం. కోత అయిపోయాక చేన్లో రాలిన కంకులు ఏరుకునేవాళ్లం. దాన్ని పరిగె ఏరడం అంటారు. వంగి వంగి, ఎలుక బొరియల దాకా వెతికి, సాయంత్రానికి ఒక చాటెడు గింజలు. మా చర్చిలో ఏటా కోతపండుగ చేస్తారు. ఎవరి చేన్లో పండింది వాళ్లు మొదటి గింజలు తెచ్చి దేవుడి ముందు పెడతారు. చేను లేని మేనత్త పరిగె గింజలు తెచ్చేది. చిన్న గంపలో పోసి, పైన ఉతికిన గుడ్డ కప్పి, తలెత్తుకుని తెచ్చేది.

మిషన్ హాస్టల్లో చదివి, అక్కడి నుంచే దేవుణ్ని వదిలేసి వచ్చిన కుర్రతనంలో ఒకసారి ఆ గంపను చూసి నాకు మండిపోయింది. "నువ్వు ఏరుకున్న గింజలు కూడ ఆయనకే కావాల్నా అత్తా? దొర తిన్నంక మిగిలింది ఆయన తింటడా?" అన్నాను.

"ఇవి మంది చేన్ల గింజలు అల్లుడా" అంది, అసలు నేను ఆ మాటే అడిగినట్టు. "నా మడిల గింజలు వచ్చిన యేడు ఇవి తేను. అవే తెస్త."

"నీకు మడేడిది?"

"ఇయ్యాల లేదు."

మడి వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పకపోతే నా కలానికి నిద్ర పట్టదు. యాభైల మొదట్లో పెద్ద దొరలకు ఉన్నట్టుండి దానగుణం పుట్టుకొచ్చింది. భూమి ఎక్కడ లాక్కుంటారోనన్న భయానికి దానం అని పేరు పెట్టుకున్నారని నేను అప్పుడే రాశాను, ఇప్పుడూ అదే రాస్తాను. మా దొర దండలేయించుకుని, ఫోటో తీయించుకుని, వాడలో పది కుటుంబాలకు కాగితాలు పంచాడు. మేనత్తకు కుంట కింద ఎకరం వచ్చింది. ఆ ఎకరం సంగతి ఊరందరికీ తెలుసు. పచ్చి చౌడు. ఎండాకాలం దూరం నుంచి చూస్తే సున్నం చల్లినట్టు తెల్లగా మెరిసేది. గరిక కూడా మొలిచేది కాదు. చాకలివాళ్లు బట్టలు ఉడకేయడానికి ఆ మన్నే తవ్వుకుపోయేవాళ్లు.

మేనత్త కాగితం పట్టుకుని వస్తుంటే చాకలామె నవ్వింది. "అక్కా, గా భూమిల బట్టలు తెల్లగయితయి గని వడ్లు పండయి."

"అయితే మొదలు నా కోక తెల్లగైతదిలే" అంది మేనత్త.

మిగతా తొమ్మిది కుటుంబాలూ రెండేళ్లలో ఆ భూముల్ని వదిలేసి పట్నానికో, ప్రాజెక్టు పనులకో పోయాయి. వాళ్లను నేను తప్పు పట్టను. మేనత్త పార కొనుక్కుంది.

"దొర చేసిన మోసాన్ని దేవుడిచ్చిన దానమని నమ్ముతున్నవా?" అని నేను ఎగిరాను.

"ఇచ్చిన చెయ్యి దొరది. మట్టి దొరది గాదు" అంది. అంతటితో ఆ చర్చ ముగిసింది. ఆమెకు ముగిసింది గానీ నాకు ఇంకా ముగియలేదు.

చౌడును ఎలా పోగొడతారో పట్నపు చదువరులకు తెలియకపోవచ్చు. గట్లు ఎత్తు చేసి వాన నీటిని మడిలో నిలబెట్టాలి. నాలుగైదు రోజులయ్యాక గట్టు కోసి ఆ నీటిని బయటి కాలువలోకి వదిలేయాలి. నీటితో పాటు కాస్త ఉప్పు పోతుంది. కాస్తే. మళ్లీ గట్టు వేయాలి, మళ్లీ వాన కోసం చూడాలి. వాన రాకపోతే ఆ ఏడు అంతే. ఎండాకాలం కుంట ఎండినప్పుడు అడుగు మన్ను తవ్వి గంపలతో మోసి పోయాలి. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, మొలిచిన కాడికి మొలిచాక పచ్చిగానే తొక్కేయాలి. గొల్లవాళ్లను బతిమాలి రెండు రాత్రులు గొర్రెల మందను మడిలో ఆపించుకోవాలి. ఇంతా చేసి, ఏడాది చివర చూస్తే తెలుపు ఒక జానెడు వెనక్కి జరిగి ఉంటుంది.

మేనత్త ఆ జానెడును నాలుకతో కొలిచేది. వాన వెలిశాక గట్టు దిగి చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకునేది. కళ్లు మూసుకుని కాసేపు ఉండి ఉమ్మేసేది. "ఇంక ఉప్పుంది" అనేది. మొదటి ఐదేళ్లూ అదే మాట. ఆరో ఏడు ఒక మూల గరిక మొలిచింది. నన్ను నల్గొండ నుంచి పిలిపించింది, పెళ్లికి పిలిచినట్టు. "చూడు అల్లుడా, గరిక వచ్చిందంటే ఆయన సంతకం వెట్టినట్టే" అంది. సంతకం చేయడం ఆమెకు రాదు.

మా ఊరి బావుల నీళ్లు పళ్లను పచ్చగా చేస్తాయి, ఎముకల్ని వంచుతాయి. మడి బాగుపడుతున్న కొద్దీ మేనత్త నడుము వంగుతూ వచ్చింది. మట్టిని బాగుచేసే దేవుడికి నీ వెన్నెముక కనపడదా అని అడిగాను. ఆ ప్రశ్నను నేను వెనక్కి తీసుకోవడం లేదు. అది దేవుడికి ఎంతో సర్కారుకూ అంతే. ఆమె మాత్రం, "పరిగె ఏరెటందుకు వంగే నడుమే గదరా, దానికి అలువాటే" అని నవ్వింది.

సగం మడి పచ్చబడ్డాక గడీకి మళ్లీ ఆశ పుట్టింది. పట్వారి వచ్చి, దానపు కాగితంలో నంబరు తప్పు పడిందనీ, నీ భూమి వాగు అవతల ఉందనీ చెప్పాడు. వాగు అవతల ఉన్నది బండ. మేనత్త సద్ది మూట కట్టుకుని దేవరకొండ దాకా నడిచి పోయి తాసిల్ ఆఫీసు అరుగు మీద కూర్చుంది. మూడో రోజు నేను వెళ్లేసరికి ఇంకా అక్కడే ఉంది. జవాను కాస్త మెత్తగానే చెబుతున్నాడు. "అవ్వా, గిట్ల కూసుంటె ఎట్ల? జర ఓపిక పట్టాలె."

"ఓపిక దేవుని కోసం దాసుకున్న కొడుకా. తాసిల్దారుకు లేదు" అంది.

నాలుగో రోజు పాత నంబరు మీదే ముద్ర పడింది. నేను ఇన్నేళ్లలో ఎన్నో వ్యాసాలు రాశాను. ఆ రెండు వాక్యాలంత పదునైనది ఒక్కటీ రాయలేకపోయాను.

అసలు తప్పు ఆ తర్వాత నేను చేశాను. దాన్ని దాచిపెట్టి ఆమెను పొగిడితే అది స్మృతి కాదు, మోసం.

ఆ గెలుపు నా తలకెక్కింది. ఇక దేవుడి నడక చాలు, మనం పరుగెత్తాలి అనుకున్నాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సగం మడిలో వేసిన నాట్లు వాడిపోతున్నాయి. మడి పక్కనే ఒక పాత బావి ఉంది. నిండా నీళ్లు, ఒక్కరూ ముట్టుకోరు. వాడవాళ్లు ఆ బావి జోలికి ఎందుకు పోరంటే దొర భయం వల్ల అని నేను నిశ్చయించుకున్నాను. నాకు ప్రపంచంలో ప్రతిదానికీ కారణం తెలుసు మరి. ఎవర్నీ అడగలేదు. ఒక స్నేహితుడి దగ్గర ఆయిల్ ఇంజన్ తీసుకుని, ఎడ్లబండి మీద వేసుకుని, ఊరేగింపులా దిగాను.

మేనత్త బావిలోకి తొంగి చూసింది. "అల్లుడా, గా నీళ్లు నాలికె మీద ఏసుకోని చూసినవా?"

"పారిచ్చెటందుకు అత్తా, తాగెటందుకు గాదు."

"భూమి తాగదా మరి?"

నేను నవ్వాను. సైన్సు గురించి, భయం గురించి, మూఢనమ్మకాల గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నాట్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు సదువుకున్నోనివి" అంది. తన నాలుకను కాదని నా చదువును నమ్మింది. ఆమె బతుకులో ఎవరినైనా గుడ్డిగా నమ్మిందంటే అది దేవుణ్ని కాదు, నన్ను.

బావి భయపు బావి కాదు, ఉప్పు బావి. రెండు నెలలు పారించాను. నాట్లు మొదట పచ్చబడ్డాయి, తర్వాత కొసలు ఎర్రబడ్డాయి, తర్వాత పడుకున్నాయి. మాఘమాసపు ఎండకు మడి మొత్తం తెల్లగా పేలింది. ఎనిమిదేళ్ల జానెళ్లన్నీ ఒక్క పంటకాలంలో తుడిచిపెట్టుకుపోయాయి.

ఆమె క్షమామూర్తిలా నా తల నిమిరిందని రాస్తే అబద్ధం. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంచం నేల మీద టక్కున పెట్టేది. నాలుగో రోజు వాకిట్లో నిలబడి, "ఇంజను తీస్కపో. పార ఇడిసిపో" అంది.

నేను పార వదిలి పోలేదు. రెండేళ్లు ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వచ్చి ఆమె వెనకాల కుంట మన్ను మోశాను. ఆదివారాలెందుకంటే ప్రెస్సుకు సెలవు. అదే రోజు ఆమె చర్చికి పోయి వచ్చి, కోక మార్చుకుని మడిలో దిగేది. "ఆదివారం పని చెయ్యొద్దని మీ అయ్యగారు చెప్తడు గద?" అని కెలికేవాణ్ని. మా దగ్గర పాస్టరును అయ్యగారు అంటారు.

"అయ్యగారికి మడి లేదు" అనేది.

సైన్సు తప్పు చెప్పలేదని నాకు తెలుసు. నీటిని పరీక్షించకుండా పారించమని ఏ సైన్సు చెప్పింది? సైన్సుకు ఓపిక ఉంది. ఓపిక లేనిది నాకు. ఆమె నాలుక చేసింది పరీక్ష. నా ఉపన్యాసం చేసింది పూజ.

ఒక రోజు నేను వచ్చేసరికి మడిలో ఎవరితోనో గట్టిగా కొట్లాడుతోంది. గట్టెక్కి చూస్తే ఎవరూ లేరు. పారను నేలకు కొడుతూ ఆకాశం వైపు చూసి అడుగుతోంది. "ఏమయ్యా, పండుకున్నవా? నాకు కండ్లు పోతున్నయ్, నడుము పోయింది. మొగణ్ని తీస్కపోతివి, పిల్లలను తీస్కపోతివి, ఒక్క వాన ఇయ్యనీకి చెయ్యి రాదా? ఎన్నేండ్లు? ఏం దేవునివయ్యా నువ్వు, గింత ఆలిస్యమా?"

నా గుండె పొంగింది. చివరికి నా మేనత్త నా వైపు వచ్చింది అనుకున్నాను. "మరి ఇడిసిపెట్టరాదు అత్తా ఆయన్ని?" అన్నాను.

ఆమె తిరిగి, పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "నమ్మినోనితోని కొట్లాట. నమ్మనోనితోని మాటెందుకురా? నువ్వు దినాం మందితోని కొట్లాడుతవు, పేపర్ల తిడుతవు. బాగుపడ్తరని నమ్మకం లేకనేనా?"

తర్కంలో నన్ను ఓడించినవాళ్లు జిల్లాలో లేరని నాకో గర్వం ఉండేది. ఆ రోజు పార అందుకుని మన్ను తవ్వుకున్నాను.

ఈ ఏడు దసరాకు పోయాను. మడి మొత్తం పచ్చగా ఉంది. వరి వెన్నులు వంగి ఉన్నాయి. పూర్తిగా వంగిపోయిన మేనత్త వాటి మధ్య నడుస్తుంటే తల మాత్రమే కనపడుతోంది. ఒక్కచోట మాత్రం, చాపంత జాగా, తెల్లగా ఉంది. ఇంజన్ పెట్టి మొదటి నీళ్లు వదిలిన చోటు. ఎంత కడిగినా అక్కడి చౌడు విరగలేదు. పొలానికి వచ్చిన వాళ్లందరికీ దాన్ని చూపించి "అది మా అల్లుని జాగ" అని చెప్పేదట. మధ్యాహ్నం అక్కడే కూర్చుని సద్ది తినేది, మొక్కను తొక్కకుండా కూర్చోడానికి మడిలో అదొక్కటే చోటు కాబట్టి.

ఆ రోజు మేనత్త వరి మొదట్లోంచి చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకుంది. ఈసారి ఉమ్మలేదు. "సప్పగున్నది" అంది. "ఈ యేడు కోతపండుగకు నా గింజలే."

తర్వాత చలిజ్వరం. వారం రోజులు. మిగతాది కండక్టర్ చెప్పాడు.

నేను అడుగుతున్నాను. విశ్వాసులారా, మిమ్మల్నే. పదిహేనేళ్లు ఆగిన మనిషిని ఇంకో పది రోజులు ఉండనివ్వలేని ఆయన్ని ఏమనాలి? ఆలస్యంగానైనా అన్నీ బాగుచేస్తాడంటారు. మడిని చేశాడు, ఒప్పుకుంటాను. మడి దగ్గరి మనిషి ఏది? నాకు జవాబు అక్కర్లేదు. ఆమె బతికి ఉంటే ఇలాగే అడిగేది, నాకంటే గట్టిగా అడిగేది. అడిగి, పార తీసుకునేది.

సమాధి దగ్గర అయ్యగారు మంచి మాటలే చెప్పారు. ఒక్కటి తప్ప. "ఏనాడూ సణగని తల్లి" అన్నారు. నాకు ఒళ్లు మండింది, నోరు తెరవబోయాను. నా పక్కన నిలబడ్డ చాకలామె నాకంటే ముందే, ఏడుస్తూనే అంది, "సణగకపోవుడేంది అయ్యగారు, కుంట కట్ట దాంక ఇనపడేది." అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వారు. ఆ నవ్వు మీదే పిడికెడు మన్ను వేశాం.

పదో రోజు వాడ ఆడవాళ్లు వరి కోశారు. నేనూ కొడవలి పట్టాను. మొదటి కట్టను విడిగా కొట్టి, ఆ వడ్లను ఆమె గంపలోనే పోసి, ఉతికిన గుడ్డ కప్పాం. కోతపండుగ నాడు ఆ గంపను చర్చి గుమ్మం దాకా నేను మోశాను. అయ్యగారు ఎదురొచ్చి, "లోపలికి రండి" అన్నారు.

"వడ్లు వస్తయి. నేను రాను" అన్నాను.

ఆయన బలవంతం చేయలేదు. ఆడవాళ్లు గంప అందుకున్నారు. లోపల ఆమె పేరు చదవడం గుమ్మం బయట నాకు వినపడింది. చనిపోయినవాళ్ల వరసలో కాదు, పంట తెచ్చినవాళ్ల వరసలో చదివారు.

అక్కణ్నుంచి నేరుగా మడికి పోయాను. కోసిన వరి కొయ్యకాళ్ల మధ్య ఒక ముసలామె పరిగె ఏరుతోంది. మా వాడ మనిషి కాదు, ఏ తండా నుంచో వచ్చింది. మేనత్త మడిలో మొట్టమొదటి పరిగె. చాపంత తెల్లటి జాగాలో కూర్చుని ఆమెనే చూస్తున్నాను. ఒక్కో కంకి తీసి కొంగులో వేసుకుంటూ, వంగి వంగి, ఆ తెలుపు అంచు దాకా వచ్చి ఆగింది.

"గింత మంచి మడిల గీ జాగ గిట్లెందుకున్నది కొడుకా? ఎవలది?"

"నాది" అన్నాను.

ఆమె తల ఊపి, నా చుట్టూ తిరిగి, అటువైపు ఏరుకుంటూ పోయింది. నేను చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకున్నాను. ఇంకా ఉప్పుంది. పార గట్టు మీద, మేనత్త పెట్టిన చోటే ఉంది.